కాలర్ లేని కోటు

మైకు అతను చిన్న క్లిప్పు పట్టుకుని వదిన మెడ చుట్టూ ఒకసారి చూశాడు. తగిలించడానికి చోటు దొరకలేదు.

“మీ కోటుకి కాలర్ లేదేంటమ్మా?”

“కాలర్ ఉంటే మగ్గం లాక్కుంటుంది,” అంది వదిన. “కాలర్‌తో ఆగదు, మెడ కూడా కావాలంటుంది.”

అతను నవ్వాలో మానాలో తేల్చుకోలేక రెండో చేతిలో ఉన్న డబ్బా చూపించాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. దానికీ క్లిప్పుకీ మధ్య నల్ల తీగ ఉంది.

“పోనీ ఇది జేబులో వేసుకోండి.”

“జేబు కూడా లేదు.”

“అదేంటి, ఇక్కడ కుట్టు కనబడుతోందిగా?”

“కుట్టే ఉంది నాయనా. నూలు ఉండలు జేబుల్లో వేసుకుపోతున్నామని కిందటి మేనేజరు షెడ్డు మొత్తానికి జేబుల నోళ్ళు కుట్టించేశాడు. ఆ కుట్లూ మాచేతే వేయించాడు.”

గోదాము అవతలి కొసన బెంచీల మీద కూర్చున్న నేత షెడ్డు ఆడవాళ్ళు గొల్లుమని నవ్వారు. మైకు అతను అటు చూశాడు. వాళ్ళెందుకు నవ్వారో అతనికి అర్థం కాలేదు. వదిన మెల్లగా మాట్లాడింది. ఆమెకి గట్టిగా మాట్లాడే గొంతు లేదు. మధ్యలో పెద్ద ఫ్యాన్లు హోరుమంటున్నాయి. అంత దూరానికి ఆ మాట చేరే దారి లేదు.

అతను దాని గురించి అంతకు మించి ఆలోచించలేదు. మైకులు ఇంకా తగిలించాల్సిన వాళ్ళున్నారు.

వదిన కోటు లోపలి వైపు నుంచి దారం కత్తెర తీసింది. మూడు వేళ్ళలో ఇమిడిపోయే కత్తెర. తెగిన దారం సరిచేసుకోవడానికి నేతవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. జేబు మీది కుట్టు ఒక కొసన తెంపి, మిగతా దారం వేలితో పట్టి లాగింది. జేబు నోరు తెరిచింది. డబ్బా అందులో వేసుకుని క్లిప్పు పై గుండీకి తగిలించుకుంది.

“కాలర్ లేనివాళ్ళకి కాలర్ మైకు,” అంది. “ఇదీ మా మేనేజరు తెలివి.”

షెడ్డులో ఆమె అందరికీ వదినే. పెద్దవాళ్ళకీ, చిన్నవాళ్ళకీ, గేటు దగ్గర కాపలావాడికీ. మొదట్లో మరిదే అలా పిలిచేవాడు, ఆ పిలుపు అందరికీ అంటుకుంది. జీతం చీటీ మీద పేరు చూసి ఇదెవరిదని అడిగిన సందర్భాలు ఉన్నాయి.

మేనేజరుకీ షెడ్డు ఒక పేరు పెట్టింది. ఇస్త్రీ. పొద్దున వచ్చినప్పుడు చొక్కా ఎలా ఉంటుందో సాయంత్రం వెళ్ళేటప్పుడూ అలాగే ఉంటుంది. హెడ్డాఫీసు నుంచి ఈ మధ్యే వచ్చాడు. ఆఫీసు గది అద్దం వెనక నుంచి షెడ్డుని చూస్తాడు తప్ప లోపలికి అడుగు పెట్టింది తక్కువ. పెట్టినా చెవులకి దూది.

కాలర్ మైకులు అతని ఏర్పాటే. అంతకు ముందు జరిగిన మీటింగులో స్టాండు మైకు పెట్టారు. వదిన వంతు రాగానే స్టాండు పట్టుకుంది. చాలు దిగమన్నా వదల్లేదు. ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి లాగితే స్టాండు రెండు ముక్కలై, మైకున్న ముక్క ఆమె చేతిలో మిగిలింది. ఆ ముక్కతోనే మాట్లాడి దిగింది. ఈసారి ఇస్త్రీ నోటీసు బోర్డులో రాయించాడు: కార్మికుల సౌకర్యం కోసం చేతులు ఖాళీగా ఉండే మైకులు.

ఇవాళ్టిది మీటింగు కాదు, విచారణ. కార్మిక శాఖ నుంచి అధికారి ఒకాయన వచ్చాడు, పక్కన టైపు మిషనుతో స్టెనో. తేల్చాల్సింది ఒక్కటే. వదిన తోడికోడలి కన్ను పోవడానికి తప్పెవరిది? కంపెనీ చెప్పేది ఒకటి: మగ్గం గార్డు ఆమే తీసేసుకుంది, అందుకని ఆమెదే నిర్లక్ష్యం. అదే ఖాయమైతే ఆమెని పనిలోంచి తీసేస్తారు. కన్ను పోయింది, పనీ పోతుంది, పైగా తన కన్ను తనే పొడుచుకున్నదన్న పేరు మిగులుతుంది.

మగ్గంలో షటిల్ అని ఒక చెక్క ముక్క ఉంటుంది. నూలు ఉండని కడుపులో పెట్టుకుని అటూ ఇటూ పరిగెడుతుంది. రెండు కొసలకీ ఇనుప ములుకులు. దాని దారికి పైన అడ్డంగా ఒక చువ్వ బిగిస్తారు, అదే గార్డు. షటిల్ ఎప్పుడైనా దారి తప్పి పైకి లేస్తే ఆ చువ్వకి కొట్టుకుని కింద పడుతుంది. చువ్వ లేకపోతే ఎటు పోతుందో చెప్పలేం.

ఆ రోజు తోడికోడలు తెగిన దారం మీదికి వంగి ఉంది. పక్క మగ్గం దగ్గర వదిన ఉంది. షటిల్ గాడి తప్పుతున్న సంగతి వదిన ముందే చూసింది. అరిచింది. నేత షెడ్డులో అరుపు ఎవరికి వినబడుతుంది? అక్కడ మాట్లాడేది గొంతుతో కాదు. మగ్గాల మోతలో పనిచేసేవాళ్ళు పెదాలు చూసి మాట తెలుసుకుంటారు. పనిలో చేరిన కొత్తలో ఎవరికీ రాదు. ఏడాది తిరిగేసరికి రానివాళ్ళు ఉండరు. చెవులు ఆ మోతకి ఎలాగూ మందగిస్తాయి, కాబట్టి గేటు దాటాక కూడా పెదాలే చూస్తారు. తోడికోడలు తల ఎత్తి ఉంటే వదిన పెదాలు చూసేది. ఎత్తలేదు.

వాళ్ళిద్దరికీ ఇంట్లో మాటలు లేవు. కిటికీ ఉన్న గది ఎవరిదన్న దగ్గర చెడింది. పెళ్ళై వచ్చిన కొత్తలో మొదలైన గొడవ, కిటికీ తలుపు ఊడిపోయినా గొడవ ఊడలేదు. అయితే షెడ్డులో పక్కపక్క మగ్గాలు. అక్కడ మాట్లాడకపోతే పని నడవదు. కాబట్టి ఇంట్లో మిగిలిపోయిన తగువంతా అక్కడ పెదాలతో తీర్చుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక అత్తగారి తల మీదుగా అదే విద్యతో ఒకరినొకరు దులిపేసుకునేవాళ్ళు. అత్తగారికి ఆ విద్య రాదు. మా కోడళ్ళు ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోరని వీధిలో చెప్పుకుని మురిసిపోయేది.

విచారణ మొదలుపెడుతూ అధికారి కళ్ళజోడు తుడుచుకుని ఒక మాట చెప్పాడు.

“ఒక్కొక్కళ్ళకి ఒక్కసారే అవకాశం. నలుగురిలో ఇక్కడ వినబడిందే రికార్డు అవుతుంది. బయట మాట్లాడుకున్నవి నాకొద్దు.”

మొదట తోడికోడల్ని పిలిచారు. ఎడమ కంటికి కట్టుతో నిలబడి, గార్డు నేను తీయలేదండి, నేను పనిలోకి వచ్చేసరికే లేదు అంది. ఎవరు తీశారో చూశావా అంటే చూడలేదంది. నిజమే, గార్డు తీసిన పూట ఆమె సెలవులో ఉంది. వచ్చి ముందు వరసలో కూర్చుంది.

తర్వాత ఫిట్టరు తాత. మగ్గాల మరమ్మత్తు ఆయనదే. ఏ మగ్గానికి ఏ మర బిగించాలో ఆయనకి తెలుసు, ఎవరు విప్పారో కూడా తెలుసు. ఆయన మైకు తగిలించుకుని మొదలుపెట్టాడు. గార్డులు అన్ని మగ్గాలకీ ఉండేవి, నేనే బిగించాను, అన్నాడు. బెంచీల మీదివాళ్ళు తలలూపారు. ఆయన చెయ్యి పైకెత్తి ఇంకా చెప్పాడు. విప్పించింది ఎవరో చెప్పాడు. గోదాము చప్పట్లతో మోగింది. తాత మీసం దువ్వుకున్నాడు.

వదిన తన వంతు కోసం వేదిక పక్కన నిలబడి ఉంది. ఆమె తాతని కాకుండా స్టెనోని చూస్తోంది. తన మాటలు ఎంత వేగంగా చెబితే ఆ అమ్మాయి అందుకోగలదో చూసుకుందామని. అందుకే ఆమెకి కనబడింది. తాత చెయ్యి పైకెత్తిన దగ్గర స్టెనో వేళ్ళు మిషను మీంచి లేచాయి. మళ్ళీ దిగలేదు. విప్పించినవాడి పేరు తాత చెప్పినప్పుడూ దిగలేదు. అధికారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “కాస్త గట్టిగా,” అన్నాడు. తాతకి చెవులు ఎప్పుడో పోయాయి, చూపేమో బెంచీల వైపు ఉంది. ఆయన తన ధోరణిలో చెప్పుకుంటూ పోయాడు.

చప్పట్లు ఆగాక ఇస్త్రీ లేచాడు. అతని మైకు కాలర్‌కి చక్కగా కుదిరింది.

“పెద్దాయన, సార్. వయసు మీద పడింది. ఏం చెప్పాడో మాకూ అందలేదు.”

అధికారి స్టెనో వైపు వంగాడు. ఆయన అన్న మాట వదిన ఆయన పెదాల మీద చదివింది.

“సాక్ష్యం స్పష్టంగా లేదు అని రాయండి.”

వదినకి ఒళ్ళు మండింది. తాత మాట్లాడుతుండగానే మైకు ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి గోదాములో ఒక్కరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? వాళ్ళు మైకు విన్నదెప్పుడు? తాత పెదాలు చూశారు, మాట అందింది, చప్పట్లు కొట్టారు. తాత దిగి వచ్చి బెంచీ మీద కూర్చుని పక్కవాణ్ణి ఎలా ఉందని అడుగుతున్నాడు. అదిరిందని పక్కవాడు చెబుతున్నాడు. అదిరిన మాట ఒక్కటీ కాగితం మీదికి ఎక్కలేదు.

మైకు అతను మూల బల్ల దగ్గర మీటల పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. వదిన దగ్గరికి వెళ్ళింది.

“తాత మైకు ఏమైంది?”

“బ్యాటరీ అమ్మా,” అన్నాడు. చూపు మీటల మీంచి ఎత్తలేదు.

“నాది బాగుందా?”

“ఆఁ. ఇప్పుడే మార్చా.”

ఈలోపు షెడ్డు సూపర్‌వైజరు సాక్ష్యం మొదలైంది. ఆయన మైకు గోదాము కప్పు అదిరేలా పనిచేసింది. గార్డు ఆ అమ్మాయే తీసుకుందన్నాడు. చువ్వ ఉంటే దారం ఎక్కించడం ఆలస్యమని, ఎక్కువ మీటర్లు నేయాలన్న ఆశతో తీసుకుందన్నాడు. నేను చాలాసార్లు హెచ్చరించానన్నాడు. బెంచీలు గోల పెట్టాయి. స్టెనో వేళ్ళు మిషను మీద ఆగకుండా నడిచాయి.

వదిన ఇప్పుడు ఇస్త్రీని గమనిస్తోంది. సూపర్‌వైజరు మాట్లాడుతున్నంతసేపూ అతను కదల్లేదు. తర్వాత పిలిచిన నూలు గదిలో పనిచేసే ఆమె మొదట తన పేరు, పని చెప్పింది. మైకు పలికింది. గార్డుల మాట ఎత్తబోయింది. ఇస్త్రీ చొక్కా కాలర్ సర్దుకున్నాడు. మైకు అతని వేలు ఒక మీటని కిందికి తోసింది. స్టెనో వేళ్ళు ఆగాయి.

ఎప్పుడూ నలగని కాలర్‌ని మనిషి సర్దుకుంటున్నాడంటే, అది దేనికో వదినకి అర్థమైంది.

ఆమెకి రెండు దారులు తోచాయి. మైకు ఆపేశారని అధికారికి చెప్పొచ్చు. బ్యాటరీ అంటారు, ఇంకో డబ్బా ఇస్తారు, దాన్నీ ఆపేస్తారు. అరవొచ్చు. అరవడానికి గొంతేది? దూది నుసి పీల్చి పీల్చి ఆమె గొంతు ఎప్పుడో అరిగిపోయింది. నాలుగు మాటలు గట్టిగా అంటే దగ్గు అందుకుంటుంది. ముక్కుకి కట్టుకునే మాస్కులు ఇప్పించమని షెడ్డు అడగని మేనేజరు లేడు. అందరూ ఒకటే అన్నారు, బడ్జెట్ లేదని.

అప్పుడే ఆమెను పిలిచారు.

వేదిక మీద ఎక్కడ నిలబడాలో చూపించడానికి సున్నంతో గీత గీశారు. వదిన గీత దాటి బెంచీలకి ఎదురుగా నిలబడింది. అధికారి ఆమెకి పక్కవైపు అయ్యాడు.

“ఇటు తిరిగి చెప్పండమ్మా,” అన్నాడు అధికారి.

“నాకు ఇలాగే అలవాటండి. మీకు మైకులో వస్తుందిగా.”

ఆమె గొంతు గోదాము నిండా పలికింది. ఇంత పెద్దగా తన గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. గరగరమని, వేరే ఎవరిదోలా ఉంది. పేరు చెప్పింది, మగ్గం చెప్పింది, తోడికోడలితో తనకున్న వరస చెప్పింది.

“మా ఇద్దరికీ పడదండి,” అంది. “ఈ సంగతి ముందే చెబుతున్నాను. తర్వాత ఎవరో వచ్చి చుట్టరికం కొద్దీ చెప్పిందనకూడదు. చుట్టరికం కొద్దీ అయితే నేనసలు రానే రాను.”

బెంచీల్లో నవ్వులు. ముందు వరసలో తోడికోడలు మూతి తిప్పుకుంది.

“ఆ గార్డు ఎవరు తీశారో నేను చూశాను.”

ఇస్త్రీ కాలర్ సర్దుకున్నాడు.

వదిన చూపు ఓరగా స్టెనో మీదే ఉంది. వేళ్ళు మిషను మీంచి లేచాయి. వదిన ఆగింది. అధికారి చెయ్యి చెవి దగ్గరికి వెళుతోంది. ఆమె తోడికోడలి వైపు తిరిగి, గొంతు పూర్తిగా మానేసి, షెడ్డులో మాట్లాడినట్టు పెదాలతో మాత్రమే అంది.

“మైకు ఆపేశారు. తాతదీ ఆపేశారు. అక్కడ ఏమీ రాయడం లేదు. నేనన్నది నువ్వు పైకి అను.”

తోడికోడలు కదలకుండా చూసింది. ఒక కంటికి కట్టు ఉంది, రెండోది వదిన పెదాల మీద ఉంది. ఇంట్లో తనతో గొంతు విప్పి మాట్లాడడం మానేసిన మనిషి. నిన్న సాయంత్రం కూడా కొళాయి దగ్గర మొహం తిప్పుకుపోయిన మనిషి.

“అనవే,” అంది వదిన పెదాలతో. “నీ గొంతు బాగుంటుంది.”

ఆ మాట ఇన్నేళ్ళలో వదిన ఆమెతో అనలేదు. తోడికోడలు లేచి నిలబడింది.

“సూపర్‌వైజరు స్పానర్ పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు,” అంది పైకి. దూది నుసి ఇంకా పట్టని గొంతు. ఫ్యాన్ల హోరు దాటి వెళ్ళింది.

అధికారి తల ఎత్తాడు.

“మొదట నా మగ్గం గార్డు విప్పాడు,” అంది తోడికోడలు, వదిన పెదాలే చూస్తూ.

ఇస్త్రీ లేచాడు. “సార్, ఈవిడ వంతు అయిపోయింది. ఒక్కసారే అవకాశం అన్నారు మీరే.”

“అవును. కూర్చోమ్మా,” అన్నాడు అధికారి.

తోడికోడలు కూర్చోలేదు గాని నోరు మూసుకుంది. వదిన ఆమె మీంచి చూపు తీసి వెనక బెంచీల మీద వేసింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. షెడ్డులో పై వరసకి కబురు పంపేటప్పుడు చూసినట్టు.

“మీకూ నోళ్ళున్నాయిగా,” అంది పెదాలతో.

మొదట నూలు గది ఆమె అందుకుంది. తర్వాత ఫిట్టరు తాత. తర్వాత ఎవరు ఎప్పుడు కలిశారో చెప్పడం కష్టం. వదిన ఒక్కో వాక్యం పెదాలతో చెప్పి ఆగింది. గోదాము దాన్ని పైకి అంది.

“వరస మొత్తం గార్డులు విప్పించాడు.”

“చువ్వ ఉంటే దారం ఎక్కించడం ఆలస్యమవుతుందన్నాడు.”

“పై నుంచి ఆర్డరన్నాడు.”

“విప్పినవన్నీ గోతంలో వేయించాడు.”

“గోతం దూది చెత్త గదిలో పడేయించాడు.”

“ఇప్పటికీ అక్కడే ఉంది.”

స్టెనో వేళ్ళు ఎప్పుడు దిగాయో వదినకి తెలియలేదు. చూసేసరికి పరిగెడుతున్నాయి.

అధికారి చెయ్యెత్తి ఫ్యాన్లు ఆపమన్నాడు. హోరు తగ్గింది. గోదాములో దగ్గులు వినబడ్డాయి. అన్ని దగ్గులు ఒకచోట విని అధికారి ఒకసారి బెంచీల వైపు చూశాడు.

“ఇది బట్టీ పట్టించి తెచ్చిన నాటకం సార్,” అన్నాడు ఇస్త్రీ. “ఆమె నోరు ఆడించడం, వీళ్ళు అప్పజెప్పడం. ముందే అనుకుని వచ్చారు.”

అధికారి పెన్ను బల్ల మీద పెట్టాడు. తర్వాత వదినని అడిగాడు.

“ఇవాళ పొద్దున లేచాక మీరు ఏం చేశారు? గొంతు రానివ్వకుండా చెప్పండి. వాళ్ళనే చెప్పనివ్వండి.”

వదిన ఆలోచించుకుంది. పెదాలు కదిపింది. గోదాము అందుకుంది.

“నీళ్ళకి కొళాయి దగ్గరికి వెళ్ళాను.”

వదిన ఇంకో వాక్యం చెప్పింది. ఈసారి గోదాము సగం వాక్యంలోనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే పూర్తిచేసింది.

“మా తోడికోడలు బిందె అడ్డం పెట్టి నాకంటే ముందు పట్టుకుపోయింది.”

“అబద్ధం,” అంది తోడికోడలు పైకి. “నేను ముందే ఉన్నాను. ఆవిడే వెనకాల నుంచి వచ్చింది.”

స్టెనో మొహం మిషను వెనక దాచుకుంది. “సార్, ఇది కూడా రాయాలా?”

“వద్దులే,” అన్నాడు అధికారి. ఆయన పెదాలు బిగించుకున్న తీరు అందరూ చూశారు.

ఆ నవ్వుల మధ్య ఇస్త్రీ తన కాలర్ మీది మైకుని అరచేత్తో కప్పాడు. సూపర్‌వైజరు చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. మైకులో గుసగుస కూడా రాలేదు. జాగ్రత్త గల మనిషి. కానీ అతను కప్పుకున్నది మైకుని. నోటిని కప్పుకోలేదు. వేదిక మీద ఎత్తున, దీపం కింద, బెంచీలకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

గోదాముకి ఎవరూ సైగ చెయ్యలేదు. వదిన కూడా చెయ్యలేదు. వాళ్ళు అప్పటిదాకా చేస్తున్న పనే చేశారు. పెదాలు కదిలాయి, పైకి అన్నారు.

“నువ్వెళ్ళి ఆ గోతం వెంటనే తీయించు. నేను వీళ్ళని ఇక్కడ కూర్చోబెడతాను.”

అనేశాక, అన్నది ఎవరి మాటో వాళ్ళకి తెలిసింది. నవ్వు ఒక్కసారిగా ఆగింది. సూపర్‌వైజరు కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆ సగంలోనే ఉండిపోయాడు. ఇస్త్రీ అరచెయ్యి ఇంకా మైకు మీదే ఉంది.

స్టెనో టైపు చేయడం ముగించి తల ఎత్తింది.

“ఇది ఎవరు చెప్పినట్టు రాయమంటారు సార్?”

అధికారి ఇస్త్రీ వైపు చూశాడు.

“మేనేజరు గారు చెప్పినట్టే రాయండి,” అన్నాడు అధికారి. కళ్ళజోడు జేబులో పెట్టుకుని లేచాడు. “అంతకు ముందు వీళ్ళందరూ పైకి అన్నదంతా వేదిక మీదున్న ఆవిడ పేరున రాయండి. ఫిట్టరుని మళ్ళీ పిలుస్తాను. అంతకన్నా ముందు ఆ చెత్త గది ఎక్కడో నాకు చూపించండి. ఎవరూ నాకంటే ముందు వెళ్ళొద్దు.”

“తాళం సూపర్‌వైజరు దగ్గరుంటుందండి,” అంది వదిన. మైకు పలికింది. గరగరమన్న గొంతు మళ్ళీ గోదాము నిండా వచ్చింది. మీట ఎప్పుడు పైకి తోశాడో, మైకు అతను తల వంచుకుని కూర్చున్నాడు.

గోతం దూది చెత్త కింద అలాగే ఉంది. నోరు విప్పగానే చువ్వలు గలగలమన్నాయి. ఫిట్టరు తాత ఒక్కొక్కటీ తీసి ఇది ఫలానా మగ్గానిదని చెబుతూ నేల మీద వరసగా పేర్చాడు. స్టెనో మిషను తెచ్చుకుని గుమ్మంలో చెక్కపెట్టె మీద కూర్చుని రాసుకుంది.

సామాను సర్దుకునేటప్పుడు మైకు అతను వదిన దగ్గరికి వచ్చాడు. ఆమె క్లిప్పు విప్పి, జేబులోంచి డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది.

“బ్యాటరీ బాగానే ఉందమ్మా,” అన్నాడు మెల్లగా.

“తెలుసు,” అంది వదిన. “ఈసారి కాలర్ ఉన్నవాళ్ళకి పెట్టు. వాళ్ళకే అవసరం.”

తీర్పు కొన్నాళ్ళకి వచ్చింది. తప్పు కంపెనీదని తేల్చారు. సూపర్‌వైజరుని తీసేశారు, ఇస్త్రీ మిగిలాడు. తోడికోడలు కట్టు విప్పించుకుని తిరిగి తన మగ్గం దగ్గరికే వచ్చింది. మగ్గానికి గార్డు ఉంది. ఆమె ముందు దాన్ని పట్టుకుని లాగి చూసింది, కదల్లేదు. ఇంట్లో మాత్రం పరిస్థితి దిగజారింది. ఇప్పుడు కోడళ్ళిద్దరూ పైకి పోట్లాడుకుంటున్నారు. కిటికీ దగ్గర మొదలుపెట్టి కొళాయి దాకా ఏదీ వదలడం లేదు. ఆ విచారణ మా ఇంటి పరువు తీసిందని అత్తగారు వీధిలో చెప్పుకుని బాధపడుతోంది.

తోడికోడలు పనిలోకి వచ్చిన పొద్దునే షెడ్డు గుమ్మం దగ్గర అట్టపెట్టెలు దిగాయి. విప్పి చూస్తే మాస్కులు. ముక్కునీ నోటినీ కప్పి చెవుల వెనక తగిలించుకునేవి. ఇన్నేళ్ళ తర్వాత బడ్జెట్ దొరికింది. పక్కనే ఇస్త్రీ సంతకంతో నోటీసు: కార్మికుల ఆరోగ్యం కోసం షెడ్డులో ఉన్నంతసేపూ నోరు కప్పుకోవాలి.

ఆడవాళ్ళు నోటీసు చదివి వదిన వైపు చూశారు.

“తీసుకోండి,” అంది వదిన. “అడిగింది మనమేగా.”

అందరూ తగిలించుకున్నారు. మగ్గాలు మొదలయ్యాయి. చాలాకాలం తర్వాత వదినకి ఊపిరి నుసి లేకుండా లోపలికి వెళ్ళింది. కొత్త సూపర్‌వైజరు వరసల మధ్య నడుస్తూ మూసుకున్న నోళ్ళన్నీ చూసుకున్నాడు. అద్దం వెనక ఇస్త్రీ కూడా చూస్తున్నాడు.

సూపర్‌వైజరు కొస దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి వదిన మాస్కు తీసి జేబులో వేసుకుంటోంది. అతను ఆ జేబు వైపు చూశాడు. పక్క మగ్గం దగ్గర తోడికోడలి కోటు జేబుకీ కుట్టు లేదు. దాని పక్కదానికీ లేదు. వరస మొత్తం ఎవరి జేబుకీ కుట్టు లేదు.

అతను దగ్గరికి వచ్చి మాస్కు పెట్టుకోమని చేత్తో చూపించాడు. పెట్టుకుంటానన్నట్టు వదిన తల ఊపింది. ముందు తల తిప్పి, అద్దం వెనక ఉన్న మనిషిని చూస్తూ, పెదాలతో తీరుబడిగా ఒక మాట అంది. అప్పుడు జేబులోంచి మాస్కు తీసి తగిలించుకుంది.

ఆ మాట షెడ్డు ఆ కొస దాకా చేరింది. మాస్కుల వెనక భుజాలు కదులుతున్నాయి. ఏమందని సూపర్‌వైజరు పక్కామెని అడిగాడు. ఆమె తన నోటి మీది మాస్కు చూపించి, చెప్పడానికి వీల్లేదన్నట్టు చేతులు తిప్పింది.